మన మట్టికి తగిన గ్రావెల్ టైరు ఎంచుకోవడం ఎలా?

తారు మీదా, మట్టి, కంకర దారుల మీదా తిరగడానికి చేసిన గ్రావెల్ సైకిల్‌కు కొత్త టైర్లు కొనేవారు ముందుగా చూసేది గ్రిప్పు, అంటే టైరు పైన ఉండే బొడిపెల తీరు. బొడిపెలు ఎంత ఎత్తున ఉన్నాయో వేలితో తడిమి, ఎత్తుగా ఉంటే మట్టికి, నున్నగా ఉంటే తారుకు అని తేల్చేస్తారు. నా దృష్టిలో గ్రిప్పు ఆఖరున చూడాల్సిన సంగతి. టైరు వెడల్పు, దాని గట్టిదనం, లోపలి గాలి కుదిరాయంటే గ్రిప్పు కాస్త అటూ ఇటూ అయినా సైకిల్ హాయిగా సాగుతుంది. అవి కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టిన జత అయినా మొరం మీద జారుతుంది, తుమ్మ ముల్లు దగ్గర ఆగిపోతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం అమెరికాలోని కాన్సాస్ చెకుముకి రాళ్ళను, ఇటలీ తెల్లమట్టి దారులను, ఇంగ్లండ్ బురదను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అవి అబద్ధాలు కావు, కానీ మన దారులకు నేరుగా అతకవు. మన దగ్గర తెలంగాణ మొరం ఉంది, కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి ఉంది, డెల్టా కాలువ గట్లు ఉన్నాయి, 40 డిగ్రీలు దాటే ఎండ ఉంది, అన్నిటికీ మించి ముళ్ళు ఉన్నాయి. ఈ లెక్కతోనే మొదలుపెడదాం.

1. ముందు దారిని కాగితం మీద పెట్టండి

మీరు తరచూ తిరిగే ఒక దారిని తీసుకోండి. అందులో ఎన్ని కిలోమీటర్లు తారు, ఎన్ని మొరం, ఎన్ని పొలం బాట అన్నది రాసుకోండి. ఆ తర్వాత ఆ దారిలో మిమ్మల్ని అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ముక్క ఏదో గుర్తించండి. హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరి కొండల వైపు వెళ్ళేవారికి దూరంలో సింహభాగం తారే. కష్టపెట్టేది మాత్రం చివర్లో వచ్చే ఎర్రమట్టి బాటలు.

నేను పాటించే సూత్రం ఇది: వెడల్పును అతి కష్టమైన ముక్కను బట్టి, గ్రిప్పును ఎక్కువ దూరం సాగే దారిని బట్టి నిర్ణయించండి. వెడల్పాటి టైరు తారు మీద పెద్దగా నష్టపరచదు. ఎత్తయిన బొడిపెలు మాత్రం తారు మీద ప్రతి కిలోమీటరుకూ మీ కాళ్ళ సత్తువను తింటాయి, త్వరగా అరిగిపోతాయి కూడా.

2. ఫ్రేములో చోటు కొలవండి

ఈ పని చేయకుండా టైరు ఆర్డరు పెట్టకండి. కొలవడానికి అలెన్ కీల సెట్టు (ఒక్కోటి ఒక్కో మి.మీ. కొలతలో ఉండే ఆరు పలకల కీలు) చాలు. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ టైరుకూ ఫ్రేముకూ మధ్య ఏ కీ దూరుతుందో చూడండి. చూడాల్సిన చోట్లు మూడు: ముందు ఫోర్కు పైభాగం, పెడల్ ఇరుసుకు వెనుక చక్రానికి ఇరువైపులా ఉండే గొట్టాలు, సీటు కింద నుంచి వచ్చే గొట్టాలను కలిపే అడ్డుపట్టీ. చాలా సైకిళ్ళలో అన్నిటికంటే ఇరుకు రెండోదే.

ఇప్పుడున్న టైరు 38 మి.మీ., ఇరువైపులా 9 మి.మీ. ఖాళీ ఉందనుకుందాం. 42 వేస్తే ఒక్కో పక్క 7 మి.మీ. మిగులుతుంది. ఎండాకాలం తిరగడానికి ఒక్కో పక్క 5 మి.మీ. సరిపోవచ్చు. వానాకాలంలో మట్టి దారుల్లో తిరగాలంటే 6 మి.మీ. కంటే తగ్గకూడదు, ఎక్కువ ఉంటే మరీ మంచిది. టైరు మీద రాసిన వెడల్పు, ఎక్కించాక వచ్చే వెడల్పు ఒకటి కాకపోవచ్చని మరవకండి. రిమ్ము లోపలి వెడల్పు పెరిగితే టైరు కూడా మిల్లీమీటరో రెండో ఉబ్బుతుంది. 38 నుంచి 45 మి.మీ. టైర్లకు లోపలి వెడల్పు 21 నుంచి 25 మి.మీ. ఉన్న రిమ్ములు బాగా నప్పుతాయి.

3. టైరు మీది అంకెలు చదవండి

టైరు పక్క గోడ (సైడ్‌వాల్) మీద 40-622 అని ఉంటే, వెడల్పు 40 మి.మీ., టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 622 మి.మీ. అని అర్థం. 700సి అన్నా, 29 అంగుళాలు అన్నా రిమ్ము వ్యాసం ఈ 622 మి.మీ. మాత్రమే. 650బి అన్నా, 27.5 అంగుళాలు అన్నా 584 మి.మీ. మిగతా పేర్లన్నీ పక్కన పెట్టి ఈ రెండో అంకెను నమ్మండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఊళ్ళల్లో పాతకాలపు నల్ల సైకిళ్ళకు వాడే 28×1½ టైరు వ్యాసం 635 మి.మీ. చూపుకు మన టైరులాగే ఉంటుంది, వెడల్పూ దాదాపు అంతే. కానీ 622 రిమ్ము మీద అది కూర్చోదు, వదులుగా వేలాడుతుంది. ట్యూబు సంగతి వేరు. దారిలో ట్యూబు పాడైతే 28×1½ ట్యూబును మడత పడకుండా సర్ది ఇంటికి చేరవచ్చు. అయితే ఆ ట్యూబు వాల్వ్ లావు. సన్నని ప్రెస్టా వాల్వ్ కోసం చేసిన రిమ్ము రంధ్రంలో పట్టదు. షాపులో డ్రిల్లుతో రంధ్రం పెద్దది చేస్తామంటే ఒప్పుకోకండి, రిమ్ము బలం తగ్గుతుంది. ఒక ప్రెస్టా ట్యూబు సీటు సంచిలో పెట్టుకుంటే ఈ తంటా ఉండదు.

కొన్ని సైకిళ్ళకు 700సి, 650బి చక్రాలు రెండూ పడతాయి. 650బి మీద 47 మి.మీ. టైరు ఎక్కిస్తే చక్రం మొత్తం ఎత్తు 700సి మీద 28 మి.మీ. టైరుతో సమానం. సైకిల్ నడక మారకుండానే మెత్తని, వెడల్పాటి టైరు దొరుకుతుందన్నమాట. ఇసుక దారులు ఎక్కువగా ఉన్నవారు, ఎత్తు తక్కువ ఉన్నవారు దీన్ని ఆలోచించవచ్చు. మిగతావారికి 700సి మేలు, టైర్లు సులువుగా దొరుకుతాయి.

4. ఏ నేలకు ఏ టైరు

మొరం దారులతో మొదలుపెడతాను, ఎందుకంటే మనలో ఎక్కువ మంది తిరిగేది వాటి మీదే. కింద గట్టి నేల, పైన పొడిగా చెదిరి ఉన్న సన్నని రాతి పలుకులు. నేరుగా వెళ్ళేటప్పుడు ఏ టైరైనా పరుగెడుతుంది. ప్రమాదమంతా మలుపులోనే. పైన ఉన్న పలుకులు టైరు కింద దొర్లి, ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు జారుతుంది. దీనికి నడుమ దట్టంగా, పొట్టిగా, పక్కల్లో కాస్త ఎత్తుగా బొడిపెలు ఉన్న టైరు కావాలి. పానరేసర్ గ్రావెల్‌కింగ్ ఎస్‌కే, మాక్సిస్ రాంబ్లర్ వంటివి నడుమ దట్టమైన చిన్న బొడిపెలతో వస్తాయి. విట్టోరియా టెరెనో డ్రై నడుమ మరింత నున్నగా ఉండి, పక్కల్లో మాత్రం పట్టు ఇస్తుంది. తారు ఎక్కువ, మొరం తక్కువ అయినవారికి అది నప్పుతుంది. వెడల్పు 38 నుంచి 42 చాలు.

కంకర పరిచి, రోలర్ తొక్కించి, తారు పోయకుండా నెలల తరబడి వదిలేసిన రోడ్లు మనకు కొత్త కాదు. కొత్తగా పగలగొట్టిన గ్రానైట్ కంకర అంచులు చాలా పదును. ఇక్కడ తెగేది టైరు నడుమ భాగం కాదు, పక్క గోడ. గ్రిప్పు గురించి మరిచిపోయి సైడ్‌వాల్ బలం చూడండి, 45 మి.మీ.కి తగ్గకండి.

డెల్టాలో కాలువ గట్ల మీది ఒండ్రు మట్టి ఎండినప్పుడు సైకిల్ తొక్కడానికి ఇంతకంటే హాయైన నేల ఉండదు. ధవళేశ్వరం కిందుగా గోదావరి కాలువల వెంట, విజయవాడ కిందుగా కృష్ణా కాలువల వెంట కొబ్బరి చెట్ల నీడలో మైళ్ళకు మైళ్ళు సాగవచ్చు. పొట్టి గ్రిప్పు, 38 మి.మీ. సరిపోతుంది. ఒక్క వాన పడిందంటే అదే గట్టు జిడ్డుగా మారుతుంది. ఒక పక్క కాలువ, ఒక పక్క పొలం. అప్పుడు గాలి తగ్గించి, ముందు చక్రానికి ఎడంగా అమర్చిన బొడిపెల టైరు ఉంటేనే వెళ్ళండి. ముందు బ్రేకు మెల్లగా వాడండి.

తీరం వెంట సరుగుడు తోటల మధ్య, జీడి తోటల మధ్య ఇసుక బాటల్లో గ్రిప్పు ఆకారానికి దాదాపు విలువ లేదు. కావలసింది వెడల్పు, తక్కువ గాలి. 45 నుంచి 50 వరకు ఫ్రేము ఎంత ఒప్పుకుంటే అంత వేయండి. అరకు, పాడేరు వైపు వానాకాలపు కొండదారుల్లో తడిసిన రాళ్ళు, వేర్లు ఉంటాయి. అక్కడ మెత్తని రబ్బరు, ఎడంగా నిలబడే బొడిపెలు, 42కు పైన వెడల్పు అవసరం. నల్లమల వంటి అభయారణ్యాల లోపలి బాటల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఇక నల్లరేగడి. దీని మీద కాస్త ఆగాలి. వాన వెలిసిన గంటకు నల్లరేగడి బాటలోకి దిగితే కొద్ది దూరంలోనే టైరు చుట్టూ వేలెడు మందాన మట్టి పేరుకుంటుంది. దానికి గడ్డి, జొన్న కొయ్యకాళ్ళు, పత్తి కట్టె ముక్కలు అంటుకుంటాయి. ఆ ముద్ద ఫోర్కు కింద, వెనుక గొట్టాల మధ్య ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తుంది. నీరు తగలగానే ఉబ్బి జిగురుగా మారే బంకమట్టి గుణం అది. ఏ కంపెనీ టైరూ దీన్ని గెలవలేదు. 2023లో కాన్సాస్‌లో జరిగిన అన్‌బౌండ్ గ్రావెల్ పోటీలో ఇలాంటి బంకమట్టే అడ్డుపడితే, ప్రపంచ స్థాయి రైడర్లు సైకిళ్ళను మోసుకుంటూ నడిచారు. కాబట్టి తడి నల్లరేగడికి టైరు వెతకకండి, దారి మార్చుకోండి. తప్పని పరిస్థితి అయితే వెడల్పాటి టైరు కంటే సన్నని టైరు మేలు, మట్టి రాలిపోవడానికి చోటు మిగులుతుంది. బాట నడుమ కాకుండా గడ్డి ఉన్న అంచు మీద వెళ్ళండి. చక్రం బిగుసుకుందని తెలియగానే దిగి పుల్లతో మట్టి గీకేయండి. బలవంతంగా పెడల్ తొక్కితే విరిగేది గేర్లు మార్చే వెనుక డిరైలర్.

వేసవిలో ఇదే నేల నెర్రెలు విచ్చుతుంది. ట్రాక్టరు జాడలు రాయిలా గట్టిపడతాయి. సన్నని టైరు ఆ నెర్రెల్లో దిగబడి మనిషిని పడేస్తుంది. ఎండు నల్లరేగడికి 42 నుంచి 45 వెడల్పు, పొట్టి గ్రిప్పు.

5. ముళ్ళ సంగతి తేల్చుకోండి

మన దారుల్లో టైరు ఎంపికను శాసించేది ముల్లు. రైతులు సర్కారు తుమ్మ కొమ్మలు నరికి పొలాలకు కంచె వేస్తారు. ఆ కొమ్మలు లాక్కెళ్ళిన బాటంతా ముళ్ళు రాలి ఉంటాయి. తుమ్మ ముల్లు పొడుగు, గట్టి. పల్లేరు కాయ చిన్నదే కానీ అది ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. వానాకాలం తర్వాత తీగ ఎండి కాయలు రాలే రోజుల్లో బాట అంచుల్లో, ఖాళీ స్థలాల్లో ఇవి విపరీతంగా ఉంటాయి. సైకిల్‌ను విశ్రాంతికి గడ్డి మీద పడుకోబెట్టే అలవాటు ఉంటే మానుకోండి.

టైరు పెట్టె మీద పంక్చర్ రక్షణ పొర గురించి రాసింది జాగ్రత్తగా చదవండి. కొన్నింటికి ఆ పొర నడుమ మాత్రమే ఉంటుంది, కొన్నింటికి ఒక అంచు నుంచి ఇంకో అంచు వరకు ఉంటుంది. మనకు రెండో రకం కావాలి. బరువు 60 నుంచి 100 గ్రాములు పెరగవచ్చు. పెరగనివ్వండి. అల్లికలో అంగుళానికి ఎన్ని దారాలో చెప్పే టీపీఐ అంకె 120 అయితే టైరు మెత్తగా, తేలికగా ఉంటుంది. 60 అయితే దారాలు లావు, టైరు కాస్త మొద్దు, సాధారణంగా ఎక్కువ కాలం మన్నుతుంది. పల్లె బాటలకు నేను 60నే ఎంచుకుంటాను.

వారానికి రెండు మూడు సార్లు తొక్కేవారికి ట్యూబ్‌లెస్ నిజంగా వరం. ముల్లు దిగినా టైరు లోపల పోసే సీలెంట్ అనే ద్రవం రంధ్రాన్ని మూసేస్తుంది. 40 మి.మీ. టైరుకు 60 మి.లీ. పోయండి. మన వేసవిలో అది త్వరగా ఎండిపోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఆరు వారాలకోసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకోసారి వాల్వ్ విప్పి సన్నని పుల్ల ముంచి చూడండి. తడి అంటకపోతే మళ్ళీ పోయాలి. రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌కు పనికివచ్చేవే కావాలి. కొత్త రిమ్ములు కొన్ని లోపలి అంచుకు కొక్కెం లేని హుక్‌లెస్ రకం. వాటికి ఆ రకానికి పనికివస్తుందని రాసి ఉన్న టైరే వేయండి, గాలి ఒత్తిడిని 72.5 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాటించకండి.

నెలకోసారి మాత్రమే సైకిల్ బయటికి తీసేవారు ట్యూబ్‌లెస్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది. సీలెంట్ ఎండి, అవసరమైన రోజున పనిచేయదు. గట్టి టైరు, మందపాటి బ్యూటైల్ ట్యూబు, లోపల పంక్చర్ నిరోధక పట్టీ చాలు. ఈమధ్య వస్తున్న టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబులు ఎంతో తేలిక, కానీ వాటికి ఊళ్ళో పంక్చర్ షాపు సొల్యూషన్‌తో వేసే అతుకు అంటుకోదు. వాటికి తగిన అతుకులు మీ దగ్గరే ఉండాలి.

ట్యూబు మార్చేటప్పుడు ఒక పని మరవకండి. టైరు లోపలి వైపున దూది ముక్కతో చుట్టూ మెల్లగా తుడవండి. విరిగి మిగిలిన ముల్లు మొన ఎక్కడుంటే అక్కడ దూది పోగు చిక్కుకుంటుంది. వేలికి తగలనంత చిన్న మొనలు కూడా ఇలా దొరుకుతాయి. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు పెడితే కిలోమీటరు లోపే గాలి పోతుంది.

6. గాలి సరిచూడండి

ఒకే టైరు గాలిని బట్టి రెండు వేర్వేరు టైర్లుగా ప్రవర్తిస్తుంది. పెట్రోలు బంకులో వేలితో నొక్కి చూసి కొట్టించుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మీటరున్న పంపు, కుదిరితే చిన్న డిజిటల్ గేజీ కొనండి. ఖరీదైన టైరు కంటే ముందు ఇది కొనాలని నా అభిప్రాయం.

సుమారు 70 కిలోల మనిషి, 40 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరు అనుకుంటే, మొరం దారికి వెనుక 36 పీఎస్ఐ, ముందు 33తో మొదలుపెట్టండి. పూర్తిగా తారు అయితే నాలుగైదు పెంచండి. ఇసుకకు 27 వరకు దించవచ్చు. ట్యూబు ఉంటే ప్రతి చోటా 4 లేదా 5 కలపండి, లేకపోతే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది. బరువు పది కిలోలు పెరిగితే రెండు మూడు పీఎస్ఐ పెంచండి. టైరు 45 అయితే నాలుగు తగ్గించండి. ఇవి ఆరంభానికి మాత్రమే.

తర్వాత మీకు తెలిసిన ఒక మలుపు, గుంతలున్న ఒక చిన్న ముక్క ఎంచుకుని అక్కడే మళ్ళీ మళ్ళీ తొక్కండి. ప్రతిసారీ రెండు పీఎస్ఐ తగ్గించండి. ఒక దశలో చేతులకు అదురు తగ్గి, మలుపులో పట్టు చిక్కుతుంది. ఇంకా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము ఠంగుమంటుంది, లేదా మలుపులో టైరు పక్కకు ఒరుగుతున్నట్లు తెలుస్తుంది. అక్కడి నుంచి మూడు పీఎస్ఐ పెంచి ఆ అంకె రాసి పెట్టుకోండి. నేలనూ కాలాన్నీ బట్టి ఇలాంటి అంకెలు మూడు నాలుగు ఉంటే చాలు.

ఎండనూ లెక్కలోకి తీసుకోండి. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో 35 పీఎస్ఐ కొట్టిన టైరులో, గాలి 40 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి దాదాపు రెండున్నర పీఎస్ఐ పెరుగుతుంది. వేసవిలో పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం తిరిగి వచ్చేవారు రెండు పీఎస్ఐ తక్కువతో మొదలుపెట్టాలి.

7. రెండు చక్రాలకూ ఒకే టైరు అక్కర్లేదు

ముందు చక్రం జారితే మనిషి పడతాడు. వెనుక చక్రం జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు. అందుకే ముందు ఎక్కువ పట్టున్నది, వీలైతే కాస్త వెడల్పాటిది, వెనుక వేగంగా దొర్లేది వేయడం మంచి పద్ధతి. ముందు 42 బొడిపెల టైరు, వెనుక 40 పొట్టి గ్రిప్పు టైరు అన్న జత మన మొరానికి, తారుకు కలిపి బాగా నప్పుతుంది. బరువు ఎక్కువగా పడేది వెనుక కాబట్టి వెనుక టైరే త్వరగా అరుగుతుంది. అప్పుడు కొత్త టైరును ముందు వేసి, ముందున్న దాన్ని వెనక్కి మార్చండి. అరిగిన వెనుక టైరును ముందుకు తేవడం ప్రమాదం.

8. ఎక్కించాక

సైడ్‌వాల్ మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో చూడండి. టైరు అంచున సన్నని గీత ఒకటి చుట్టూ ఉంటుంది. అది రిమ్ముకు అంతటా సమాన దూరంలో ఉండాలి, ఎక్కడైనా లోపలికి దిగి ఉంటే టైరు సరిగా కూర్చోలేదని అర్థం. అంచున సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ గాలి కొడితే కూర్చుంటుంది, టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి మాత్రం దాటించకండి. చక్రం తిప్పి, ఫ్రేముకు ఎక్కడా రాసుకోవడం లేదని మళ్ళీ అలెన్ కీతో చూడండి. మొదటిసారి ఇంటి చుట్టుపక్కల ఐదారు కిలోమీటర్లు తొక్కి, మర్నాడు పొద్దున గాలి ఎంత తగ్గిందో చూశాకే దూరం వెళ్ళండి.

సైకిల్‌ను ఎండపడే బాల్కనీలో వదిలేస్తే సైడ్‌వాల్ మీద సన్నని పగుళ్ళు వస్తాయి. గ్రిప్పు మిగిలి ఉన్నా ఆ పగుళ్ళలో దారాలు కనబడితే టైరు మార్చండి. పాత టైరును పారేసే ముందు దాని సైడ్‌వాల్ నుంచి నాలుగు వేళ్ళ వెడల్పు ముక్క ఒకటి కోసి సీటు సంచిలో పెట్టుకోండి. ఎప్పుడైనా కంకర మీద కొత్త టైరు పక్క చిరిగితే, ఆ ముక్కను లోపల అడ్డుపెట్టి, ట్యూబు వేసి, తక్కువ గాలితో దగ్గరి ఊరిదాకా రావచ్చు.